పాలు పొంగిన బ్రెడ్డు బండి

"అంధా హై క్యా? కళ్లకి నల్లద్దాలెట్టుకున్నావు గానీ, ఎనకాల కళ్లున్నాయా నేవా?"

నీలకంఠం వెల్డింగు ఆపి అద్దాలు నుదుటి మీదికి జరిపాడు. ఎదురుగా పక్కింటి పైడితల్లి. చేతుల్లో ఆకుపచ్చ ఓణీ. దాని నిండా చిల్లులు. ఒక చిల్లులోంచి ఆమె కన్ను అతన్నే చూస్తోంది.

"కొత్త ఓణీ దండెం మీద ఆరేసినాను. నీ నిప్పురవ్వలు గోడ దాటొచ్చి జల్లెడ సేసీసినాయి!"

ఈ అమ్మాయితో ఏం మాట్లాడాలో నీలకంఠం ఎన్నాళ్లుగానో అద్దం ముందు సాధన చేస్తున్నాడు. తీరా అవసరానికి అందులో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"రంగు బాగుంది" అన్నాడు.

"రంగు నాకు తెల్దేటి? ఇప్పుడు దీన్నేటి సేసుకోను?"

"నాకిచ్చీ. కిటికీకి కట్టుకుంటాను. నీకు కొత్తది కొనిత్తాను."

"నీకు కిటికీ ఏదీ? ఇల్లే నేదు కదా!"

నీలకంఠం పక్కకు తప్పుకున్నాడు. వెనక ఒక పాత బ్రెడ్డు వ్యాను నిలబడి ఉంది. పక్క గోడకు కిటికీ కోసి ఉంది. చుట్టూ నాలుగైదు వీధికుక్కలు భక్తిగా కూర్చున్నాయి. బేకరీ మూతబడి ఎంతకాలమైనా వ్యానుకు రొట్టె వాసన పోలేదు మరి.

"ఇదే నా ఇల్లు. ఇందులోనే వంట, ఇందులోనే పడక. రాంచీ, పూరీ, భీమిలి, ఎక్కడికంటే అక్కడికి పోవచ్చు."

"అంటే ఊరొదిలి పోతావేటి?"

"పోతాను!" అన్నాడు నీలకంఠం గర్వంగా. పైడితల్లి మొహం చిన్నబోయింది. ఓణీ అతని మొహాన విసిరేసి వెళ్లిపోయింది. ఇందులో కోపం ఎందుకొచ్చిందో ఆ వెల్డరుకు అర్థం కాలేదు. ఇనుము ఎంత వేడెక్కితే కరుగుతుందో అతనికి తెలుసు గానీ ఆడపిల్ల సంగతి తెలియదు.

అసలు ఆ బండి కడుతున్నదే ఆమె కోసం. ఆ సంగతి ఆమెకు తప్ప కుక్కలక్కూడా తెలుసు.

జంషెడ్‌పూర్ తెలుగువాళ్లలో పెళ్లికొడుక్కి జాతకం కంటే ముందు క్వార్టరు చూస్తారు. స్టీలు కంపెనీవాడికి కద్మా కాలనీలో ఇల్లు, రైల్వేవాడికి రైల్వే ఇల్లు. లారీ బాడీలు కట్టే గ్యారేజీలో కాంట్రాక్టు వెల్డరుకు మాత్రం నెత్తిన ఆకాశమే. మొన్న దసరాకి నీలకంఠం తండ్రి అప్పన్న, పైడితల్లి తండ్రి భీమారావు చెవిన సంబంధం మాట వేశాడు. భీమారావు గూడ్సు గార్డు. రూలు పుస్తకం తలగడ కింద పెట్టుకుని పడుకునే మనిషి.

"కుర్రోడు మంచోడే అప్పన్నా. మరి సొంత కప్పేదీ? నా కూతురు పాలు పొంగించుకోడానికి సొంత వంటిల్లు సూపించమను. అప్పుడు మాటాడదాం. అందాకా పిల్ల చెవిన ఈ మాట పడకూడదు."

అప్పన్న దిగులుగా ఇంటికొచ్చాడు. సంగతి విన్న నీలకంఠం మాత్రం ఎగిరి గంతేశాడు. కప్పన్నాడు, వంటిల్లన్నాడు. దానికి చక్రాలుండకూడదని అన్లేదుగా! చిత్తుకాగితాల కొట్లో ఒక ఇంగ్లీషు పత్రికలో అతను అలాంటి బండి బొమ్మ చూశాడు. దొర బండి నడుపుతుంటాడు, వెనక దొరసాని గుడ్లు వేయిస్తుంటుంది. దొరసాని స్థానంలో పైడితల్లిని ఊహించుకుని చాలా రాత్రులు నిద్రపోలేదు.

కట్టడానికి అప్పన్న సాయానికి దిగాడు. అక్కడే వచ్చింది ముప్పు. ఆయన రైలుపెట్టెలు బాగుచేసే ఫిట్టరు. లోకంలో ఏ వస్తువునైనా రైలుపెట్టెగా మార్చగలడు, ఇంకెలాగూ మార్చలేడు. ముందు మూడంతస్తుల బెర్తులు బిగించాడు. బ్రెడ్డు వ్యాను ఎత్తుకి నడిమి బెర్తు మీద పడుకున్నవాడు పక్కకు తిరగాలంటే బయటికొచ్చి తిరిగి ఎక్కాలి. రెండు తీయించేసరికి నీలకంఠానికి తల ప్రాణం తోకకొచ్చింది. మిగిలిన ఒక్క బెర్తూ వ్యాను వెడల్పుకి పట్టలేదు.

"కోసీ నాన్నా, ఓ మూర" అన్నాడు నీలకంఠం.

"బెర్తు కొలత రైల్వేది. అది మారదు. బండినే మార్చాల" అని అప్పన్న వ్యాను గోడకు కన్నం కోశాడు. బెర్తు చివర ఆ కన్నంలోంచి వీధిలోకి పొడుచుకొచ్చింది.

ఆ సాయంత్రమే వాన. కొలత సరిచూద్దామని నీలకంఠం పడుకున్నాడు. మోకాళ్ల దాకా లోపల, పాదాలు వానలో. అంతలో ఎవరో అరికాలి మీద గిలిగింత పెట్టారు. లేవబోయి తల కప్పుకు కొట్టుకున్నాడు. బయట గొడుగు కింద పైడితల్లి పడీపడీ నవ్వుతోంది. కోపం మూణ్ణాళ్ల ముచ్చటే అయినందుకు వానకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ఆమె లోపలికొచ్చి కిటికీకి కట్టిన తన ఓణీని చూసింది. పొయ్యిగట్టు చూసింది. పైన వేలాడుతున్న ఎర్ర పిడి గొలుసు చూసి, "ఇదేటి?" అంది.

"అలారం చైను. మా నాన్న పట్టు బట్టినాడు. ఉత్తినే ఏలాడదీడం ఎందుకని హ్యాండ్ బ్రేకుకి తీగ కట్టీసినాను. నువ్వు లాగితే ఎక్కడైనా ఆగీత్తాను."

నీలకంఠం నాలుక కరుచుకున్నాడు. పైడితల్లి కళ్లు వెడల్పయ్యాయి. గొడుగు మడిచి బెర్తుకి ఆనించింది.

"నాను లాగడమేటి? బెర్తొకటే ఉంది కదా" అందామె మెల్లగా.

"మిగతావి పీకించీసినాను."

ఎంత నిజమో అంత తెలివితక్కువ జవాబు. "సరే, ఒక్కడివే ఊరేగు!" అని ఆమె వానలోకి దిగిపోయింది, గొడుగు మరచిపోయి.

బండి పూర్తయింది. నీలకంఠం నీలం రంగేసి, చక్రం కింద ఇటుక పెట్టి, గృహప్రవేశానికి వీధంతటినీ పిలిచాడు. భీమారావు యూనిఫాం వేసుకుని తనిఖీకొచ్చినట్టే వచ్చాడు. పైడితల్లి రానంది. ఆమె నాయనమ్మ దాలమ్మ చెయ్యిపట్టి లాక్కొచ్చింది.

"పాలు ఆడపిల్లే పొంగించాల. అప్పన్న ఇంట ఆడదిక్కు నేదు. పద. ముందు ఆవు ఏదిరా?"

"ఆవేటి మామ్మా?" నీలకంఠం తెల్లబోయాడు.

"కొత్తింట్లోకి ముందు ఆవెల్లాల. అది తొక్కని కొంప కొంపేటి?"

ఇక తప్పుతుందా! దాలమ్మ ఆవునే తోలుకొచ్చారు. లోపల పైడితల్లి మూతి ముడుచుకుని కిరసనాయిలు స్టవ్వు మీద పాలు పెట్టింది. భీమారావు బెర్తు మీద కూర్చుని పాలకేసి సిగ్నలు కేసి చూసినట్టు చూస్తున్నాడు. ఆవు వ్యాను దగ్గర ససేమిరా అని నిలబడిపోయింది. అప్పన్న ముందు నుంచి లాగాడు, నీలకంఠం వెనక నుంచి నెట్టాడు. కదల్లేదు.

అప్పుడు దానికి కిటికీకి వేలాడుతున్న పచ్చటి ఓణీ కనబడింది.

పచ్చగడ్డి అనుకుందో ఏమో, ఒక్క దూకున ముందు కాళ్లు రెండూ లోపలేసి ఓణీ అందుకుంది. ఆ ఊపుకు చక్రం ఇటుకెక్కి దిగింది. హ్యాండ్ బ్రేకు వేయడం నీలకంఠం మరచిపోయాడు. ఆవు సగం ఓణీతో వెనక్కి జారి నేల మీద నిలబడింది. బండి మాత్రం గార్డునీ, పిల్లనీ, పాలనీ వేసుకుని వీధి వాలున బొగ్గు డిపో గోడ వైపు బయలుదేరింది.

"ఓలమ్మో! నా మనవరాలు పోనాది!" అని దాలమ్మ అరిచింది.

నీలకంఠం చెప్పులొదిలేసి పరిగెత్తాడు. వెనక కుక్కలు, వాటి వెనక ఆవు. బండి పక్కకు చేరి బెర్తు కన్నంలోకి తల దూర్చి అరిచాడు. "పైడీ! ఈ బండి నీకోసమే కట్టినానే! మీ నాన్న సొంత వంటిల్లు సూపించమన్నాడు! బెర్తు ఇంకోటి ఏయించీగలను!"

పైడితల్లి ఒక చేత్తో పాలగిన్నె పట్టుకుని అతనికేసి చూసింది.

"ఈ మాట బండి ఆగున్నప్పుడు సెప్పలేవేటి, పాగల్!"

"భయమేసింది! చైను లాగు!"

ఆమె చెయ్యి పైకెత్తింది. భీమారావు బెర్తును కరుచుకునే గర్జించాడు. "ఆగు! సరైన కారణం నేకుండా చైను లాగడం నేరం!"

"కారణం ఉంది నాన్నా!" అని పైడితల్లి ఎర్ర పిడి పట్టుకుని వేలాడింది.

కీచుమంటూ బండి ఆగింది, డిపో గోడకు జానెడు దూరంలో. ఆ కుదుపుకు పాలు ఎగిరి స్టవ్వు మీదా, గార్డుగారి యూనిఫాం మీదా పడ్డాయి. స్టవ్వు ఆరిపోయింది. రొప్పుకుంటూ వచ్చిన అప్పన్న తొంగిచూసి, "పొంగినాయా, ఒలికినాయా?" అన్నాడు బెంగగా.

"గిన్నె దాటితే పొంగినట్టే!" అని దాలమ్మ దూరం నుంచే తీర్పు చెప్పేసింది.

భీమారావు మీసాల మీది పాలు తుడుచుకున్నాడు. టోపీ సరిచేసుకున్నాడు. నీలకంఠం తల ఇంకా కన్నంలోనే ఉంది.

"చైను లాగిన పేసింజరు కారణం సెప్పాల" అన్నాడు భీమారావు డ్యూటీ గొంతుతో. "దిగడానికే లాగినావా?"

పైడితల్లి తల వంచుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. అయినా మాట స్పష్టంగానే వచ్చింది.

"కాదు నాన్నా. అతగాణ్ని ఎక్కించుకోడానికి."

భీమారావు కూతుర్ని చూశాడు, కప్పును చూశాడు, పాలు కారుతున్న పొయ్యిగట్టును చూశాడు. తను అడిగినవన్నీ ఉన్నాయి. కిటికీకి మిగిలిన సగం ఓణీని ఊడబెరికాడు. నీలకంఠం తల పక్క నుంచే చెయ్యి వీధిలోకి చాచి, చిల్లుల పచ్చగుడ్డని గూడ్సుబండికి ఊపినట్టు నిదానంగా అటూ ఇటూ ఊపాడు.

గార్డు పచ్చజెండా ఊపాక బండి ఆగకూడదు. రూలది.