రూపనగుడిలో తొమ్మిదడుగుల లోతు

"ఎవురు మీరు? ఈడ తవ్వమని ఎవురు చెప్పిరి?"

బైకు స్టాండ్ వేయకముందే అరిచాడు జగదీశ్. రూపనగుడి ఊరి చివర జగదీశ్ వాళ్లు కొత్త ఇల్లు కట్టబోయే స్థలం అది. ఇద్దరు మనుషులు పొడుగాటి ఇనుప పైపును తిప్పుతూ భూమిలోకి దించుతున్నారు. పక్కనే పసుపు హెల్మెట్ పెట్టుకున్న ఒకమ్మాయి పైపులోంచి వచ్చిన మన్నును వేళ్ల మధ్య నలిపి చూస్తోంది.

"మీ ప్లాను గీసిన ఇంజనీరే పంపించినాడప్పా, మట్టి పరీక్షకు. నా పేరు రోహిణి. కంటోన్మెంట్ దగ్గర మా ల్యాబ్," అంది తలెత్తకుండానే. "నీకు మూడుసార్లు ఫోన్ చేసినా."

"సిమ్ కంపెనీవాళ్లు అనుకుంటి."

"ఎత్తి వింటే గదా తెలిసేది. వచ్చినావు గాబట్టి ఆ పైపు పట్టుకో."

రెండు లారీలకు ఓనరైన జగదీశ్ మారుమాట లేకుండా పైపు పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో అతనికీ తెలియదు. వాళ్లమ్మ ఓబులమ్మ అందరికీ బొరుగుల ఉగ్గాని పంపిస్తే రోహిణి రెండు ప్లేట్లు తింది. అదీ అతనికి నచ్చింది.

మధ్యాహ్నానికి వాళ్ల నాన్న గురునాథ్, మేస్త్రీ తాయప్పను వెంటబెట్టుకుని వచ్చాడు.

"తొమ్మిదడుగుల దాకా నల్లరేగడే ఉండాది పెద్దాయనా," అంది రోహిణి. "ఆ కింద గానీ గరుసు, అదే గట్టి గులకమన్ను, తగల్లే. వాన పడితే ఈ మన్ను ఉబ్బుతాది, ఎండకు కుంచించుకుపోతాది. పునాది గరుసు మీదనే కూర్చోవాల."

"నలభై ఏండ్లుగా నాలుగడుగులే తీస్తాండాం మేడం," అన్నాడు తాయప్ప.

"గురువారం ముహూర్తం," అన్నాడు గురునాథ్. అతని వరకు అక్కడితో మాట అయిపోయింది. ఇద్దరూ వెళ్లిపోయారు.

జగదీశ్ గొంతు తగ్గించాడు. "మేడం, మా నాయన ముహూర్తం మార్చే మనిషి కాదు. రిపోర్టులో స్వల్ప అడ్జస్ట్ చేసి రాయండి. ఐదడుగులు చాలని."

రోహిణి పెన్ను మూసింది.

"పోయిన ఏడాది ఒక పెద్దాయన ఇట్లనే అడిగినాడు. నేను రాసిచ్చినా. మొన్న వానకు వాళ్ల వంటింటి గోడ కూలింది. ఆ పెద్దాయన భార్య నీళ్లు పట్టేకి బయటికి వచ్చింది గాబట్టి బతికింది. నేను పోయి ఆ గోడ చూసినా. ఇంక అట్ల రాయను."

సంచి భుజాన వేసుకుని విసురుగా నడిచింది. సరిగ్గా అప్పుడే వాన అందుకుంది. అంత కోపంగా వెళ్లడానికి ఆ నేల ఒప్పుకోలేదు. నాలుగు అడుగులకు చెప్పులు రోళ్లంత బరువెక్కాయి. ఆమె స్కూటర్ చక్రం మట్టిలో కూరుకుపోయింది. జగదీశ్ వెనక నుంచి తోశాడు. చక్రం తిరిగి అతని మొహమంతా నల్లగా చిమ్మింది. ఆమె నవ్వు ఆపుకుంటోందని అద్దంలో కనిపించింది.

"నన్ను నమ్మాకు. రెండు గాజుగ్లాసుల్లో ఒకే కొలత పొడిమన్ను వెయ్యి. ఒకదాంట్లో నీళ్లు పొయ్యి, ఇంకోదాంట్లో కిరోసిన్. రేపు చూడు," అని చెప్పి వెళ్లిపోయింది.

మరుసటి సాయంత్రం పాత ఇంట్లో జగదీశ్ ఆ రెండు గ్లాసులూ తండ్రి ముందు పెట్టాడు. కిరోసిన్‌లో మన్ను వేసినంతే ఉంది. నీళ్లలోది రెండింతలకు పొంగింది.

గురునాథ్ రెండు గ్లాసులనూ వెలుగుకు పట్టి చూశాడు. తర్వాత లేచి గోడకున్న క్యాలెండర్ పక్కకు జరిపాడు. దాని వెనక చెయ్యి పట్టేంత పగులు.

"ఏటేటా సిమెంట్ పూస్తాండా. ఏటేటా విచ్చుకుంటాండాది," అన్నాడు. "పంతులుకు ఫోన్ చేస్తా, ఇంకో ముహూర్తం చూడమని. సరే గానీ, ఆ పిల్ల మొహం మాడ్చుకుని పోయిందంట. ఏమన్నా అంటివా?"

"అంటి."

"పోయి సారీ చెప్పిరా."

జగదీశ్ ఉబ్బిన మన్ను గ్లాసు పట్టుకుని బస్సెక్కాడు. ల్యాబ్‌కు చేరేసరికి సగం నీళ్లు ప్యాంటు మీదే ఉన్నాయి.

"రిపోర్టు మార్చమని రాలేదు. మార్చమని అడిగినందుకు సారీ చెప్పేకి వచ్చినా," అన్నాడు.

రోహిణి గ్లాసు వైపు, ప్యాంటు వైపు చూసింది. "కిరోసిన్ గ్లాసు యాడ?"

"కండక్టర్ ఎక్కనీలే."

ఈసారి నవ్వు ఆపుకోలేదామె.

తవ్వకం మొదలైన రోజు నుంచీ అతని ఫోన్లూ మొదలయ్యాయి. మన్ను తడిగా ఉంది, పరవాలేదా? గుంతలో కప్ప ఉంది, పరవాలేదా? కప్ప గురించి కూడా ఆమె ఓపిగ్గా జవాబు చెప్పింది.

పదిహేనో రోజున రోహిణి నిచ్చెన వేసుకుని గుంతలోకి దిగింది. వెనకే జగదీశ్ దిగాడు. కడ్డీతో నాలుగు మూలలా పొడిచి చూసింది. ఠంగుమంది.

"మంచి గరుసు. పునాది వేసుకోవచ్చు. ఇంక నాకు ఈడ పని లేదు."

"పని లేకుంటే రావా?"

"ఎందుకు రావాల?"

జగదీశ్ గుంత గోడ మట్టిని గోటితో గీకాడు. "ఈ పదిహేను దినాల్లో నీకు ఇరవైసార్లు ఫోన్ చేసినా. అందులో మట్టి కోసం చేసింది ఒకటో రెండో."

"తెలుసు."

"తెలిసీ అన్నిసార్లు ఎందుకు ఎత్తితివి?"

ఆమె కడ్డీతో మళ్లీ ఒక మూలలో పొడిచింది, ఇంతకుముందే చూసిన మూలలో.

"రోహిణీ, మనం పెండ్లి చేసుకుందామా?"

"ఒరేయ్," అంది పైనుంచి ఒక గొంతు. ఇద్దరూ తలెత్తారు. గుంత అంచున గురునాథ్, పక్కనే ఓబులమ్మ. "లోపల మాట్లాడేదంతా పైకి బాగా వినిపిస్తాండాది," అన్నాడు గురునాథ్.

జగదీశ్ మట్టిలో కలిసిపోదామని చూశాడు. గరుసు గట్టిగా ఉంది.

"మీ ఊరు యాడ తల్లీ?" అంది ఓబులమ్మ.

"దేశనూరమ్మా."

"ఆదివారం మేం వస్తే మీ నాయన ఇంట్లో ఉంటాడా?"

రోహిణి నిచ్చెన మీద కాలు పెట్టింది. జగదీశ్ వైపు చూడలేదు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"పొద్దున్నే రండమ్మా," అంది. "పదింటికల్లా మా నాయన పొలానికి పోతాడు."