పదిహేడో బోనులో జలుబు

“పదకొండుకి కోతులన్నిటినీ చంపేస్తారు. ఒక్కదాన్నైనా బయటికి తే!” చెవిలోని మైక్రో రిసీవర్‌లో చీఫ్ తొందరపెట్టాడు.

వ్యాక్సిన్ ల్యాబ్‌లో బోనులు కడిగే పనివాడి వేషంలో ఉన్న ఏజెంట్ చీపురు పక్కన పెట్టాడు. టైమ్ పది యాభై ఐదు.

“ఎందుకు సార్?”

“కోతుల్లో కరోనా వైరస్ దొరికింది. అది మనం తయారుచేసిన ఆయుధమని శత్రుదేశపు ముఠా దొంగ రిపోర్ట్ పుట్టించింది. రాసింది ఈ ల్యాబ్ డాక్టరమ్మే. ఆవిడ డబుల్ ఏజెంట్! అది అబద్ధమని తేల్చే రుజువు మిగలకూడదనే కోతుల్ని చంపిస్తోంది. విదేశీ తనిఖీ బృందం పన్నెండుకి ఇక్కడి కాన్ఫరెన్స్ హాల్లో ప్రకటన చేస్తే, మన రేవుకి మందుల ఓడ ఒక్కటీ రాదు.”

ఏజెంట్ ఇంట్లో చెల్లెలికి నాలుగు రోజుల ఇన్సులిన్ మాత్రమే ఉంది.

పదిహేడో బోనులో ముసలి కోతి తుమ్మింది. వెంటనే అతనికీ తుమ్మొచ్చింది. పది రోజులుగా వదలని జలుబు. సెలవు పెడితే అనుమానిస్తారని దాంతోనే పనికి వస్తున్నాడు. కోతుల ముక్కులు కారడం మొదలైంది ఆ తర్వాతే!

“వీటికి అంటించింది నేనా?” అని పైకే అనేశాడు.

“అవును, నువ్వే.” సెంటు వాసనతో పాటు డాక్టరమ్మ లోపలికి వచ్చింది. చేతిలో లిప్‌స్టిక్ ఆకారంలో విషపు సూదుల తుపాకీ. “మామూలు మనుషుల జలుబు. పాపం, ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు.”

ఏజెంట్ సబ్బునీళ్ల బకెట్‌ను కాలితో తన్నాడు. ఆమె జారిపడింది. సూది గోడకు గుచ్చుకుంది. ఆమెను ఖాళీ బోనులోకి తోసి తాళం వేశాడు. ముసలి కోతిని చంకలో ఇరికించుకుని పరుగు తీశాడు. అది చెయ్యి కొరికినా వదల్లేదు.

కాన్ఫరెన్స్ హాలు నిండా కెమెరాలు. గార్డులు అతన్ని గెంటేయబోయారు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

“నేను గూఢచారిని!” అని అరిచాడు. “దండం పెడతాను, నా ముక్కూ దీని ముక్కూ పరీక్షించండి!”

బృందం వెంట తెచ్చిన మెషిన్‌కి నలభై నిమిషాలు పట్టింది. పన్నెండుకి నిమిషం ఉందనగా కాగితం బయటికొచ్చింది. రెండు ముక్కుల్లోనూ ఒకే కరోనా వైరస్. ఏటా బడిపిల్లలకి జలుబు తెచ్చే మామూలు రకమే. బృందం నాయకురాలు మైకు ఆపేసి, ప్రకటన కాగితాన్ని నిలువునా చింపేసింది.

చెవిలో చీఫ్ నిట్టూర్చాడు. “దేశాన్ని కాపాడావయ్యా. కానీ నీ మొహం లోకమంతా చూసేసింది!”

ఏజెంట్ ముక్కు తుడుచుకున్నాడు. “జలుబు వారంలో పోతుంది సార్. ఉద్యోగం మాత్రం ఇప్పుడే పోయింది.”