అత్తమ్మను అడగని ప్రశ్న

ఆ పొద్దున మల్కాజ్‌గిరిలోని ఆ ఇంట్లో గొడవంతా అల్లం గురించే. టీలో అల్లం ఎక్కువైందని రాజేందర్, అసలు లేనే లేదని అతని తల్లి శారదమ్మ. కోడలు సృజన టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ, రేపటి నుంచి ఎవరి టీ వాళ్లే పెట్టుకోండని నవ్వేసింది. శారదమ్మ గేటు దాకా వెంట వచ్చి, పచ్చిపులుసు వేరే సీసాలో పోశానని, సంచి పడేసినట్టు పడేయొద్దని మరీ మరీ చెప్పి పంపింది. ఆ అత్తాకోడళ్లను చూసి కాలనీలో ఒకరిద్దరికి కళ్లు కుట్టేవంటే కుట్టవూ!

సృజన ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ను, అది ఇంకా క్యాన్సర్ కాకముందే పసిగట్టే పరీక్ష మీద వాళ్ల బృందం పని. ఈ సంగతిని ఆమె కాలనీ ఆడవాళ్లకు తనకు చేతనైనట్టు చెప్పేది. "మన ఒంట్ల కాపలా కాసే జన్యువులు ఉంటయి. అవి ఖరాబు కాకున్నా సరే, వాటికి తాళం పడిందంటే కణాలు దారి తప్పుతయి. మేం చూసేది ఆ తాళాలనే."

ఆ పరీక్ష నిజంగా పనిచేస్తోందని తేలాలంటే జబ్బు లేని ఆడవాళ్ల నమూనాలు కూడా కావాలి. చిన్న బ్రష్షు, ఒక గొట్టం ఇస్తే ఎవరికి వారు ఇంట్లోనే తీసి ఇవ్వొచ్చు. సిగ్గుపడి తలుపులు వేసుకున్నవాళ్లను ఒప్పించింది శారదమ్మే. నేనే ఇస్తున్నాను, మీకేమైతదని అందరి ముందూ తన గొట్టం తీసుకుంది.

గర్భసంచి తీసేసినవాళ్ల నమూనా ఈ పరీక్షకు పనికిరాదు కాబట్టి సృజన ప్రతి ఒక్కరినీ పక్కకు పిలిచి, ఆ ఆపరేషన్ ఏమైనా అయిందా అని అడిగింది. అత్తగారిని మాత్రం అడగలేకపోయింది. వాళ్లిద్దరూ చీరల గురించి, చుట్టాల గురించి, రాజేందర్ తిండి గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటారు గాని, నడుము కింది సంగతులు ఆ ఇంట్లో నోటికి రావు. ఇంటి మనిషే కదా, ఏమైనా ఉంటే తనకు తెలియదా అనుకుంది. చదువుకున్న పిల్ల, ఆ మాత్రం ధీమా ఉండదా మరి.

అల్లం గొడవ జరిగిన ఆ రోజే ఫలితాలు వచ్చాయి. జబ్బు లేనివాళ్ల వరుసలో గీతలన్నీ నేలకు అతుక్కుని ఉంటే, ఒకే ఒక్క గీత, తాళం పడిందనడానికి గుర్తుగా, నిలువునా లేచింది. యంత్రం తప్పేమోనని సృజన మళ్లీ మొదటి నుంచి చేసింది. మళ్లీ అదే గీత. గొట్టాల మీద పేర్లుండవు, సంకేతాలే ఉంటాయి. ఎవరిదో చూడాల్సింది డాక్టర్ గ్రేసీ. ఆ పరిశోధనకు ఆవిడే పెద్ద, ఆడవాళ్ల డాక్టరు కూడా. ఆవిడ చూసి, కుర్చీ లాగి సృజనను కూర్చోబెట్టింది.

"మీ అత్తగారిది, సృజనా."

పచ్చిపులుసు సీసా పొద్దున పెట్టినచోటే ఉంది. దాన్ని అలాగే సంచిలో పెట్టుకుని లోకల్ ట్రైన్ ఎక్కింది. ఎలా ఇల్లు చేరిందో ఆమెకే తెలియదు.

రాజేందర్ విని మొదట నమ్మలేదు. నమ్మాక అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. సంసారంలో ఎన్నడూ గొంతు పెంచని మనిషి ఆ సాయంత్రం పెంచాడు.

"కాలనీల ఆడోళ్లు సరిపోలేదా నీకు? నీ పరీక్షలకు మా అమ్మనే దొరికిందా? మంచిగ నడిచే మనిషిని తెచ్చి రోగి జేసినవ్."

పరీక్ష వల్ల జబ్బు రాదని, ఉన్నదే బయటపడిందని సృజన అనబోయేలోపే అతను అటు తిరిగిపోయాడు. శారదమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నదల్లా ఆగిపోయింది. ఆమె అడిగింది ఒక్కటే మాట.

"గిది వస్తే సంచి తీసేస్తరా బిడ్డా?"

అందరికీ తీయరని, ముందు లోపల చూడాలని సృజన చెప్పింది. కాసేపటికి శారదమ్మ మళ్లీ అదే అడిగింది. దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి మళ్లీ అడిగింది. పాపం, ఎంత భయపడిపోయిందో అనుకుని సృజన వంటింట్లో నిలబడి ఏడ్చింది.

మర్నాడు ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. శారదమ్మను డాక్టర్ గ్రేసీ లోపలికి తీసుకెళ్లింది. రాజేందర్ భార్యకు దూరంగా, బల్లకు ఆ చివర కూర్చున్నాడు. ఎంతోసేపు కాలేదు, గ్రేసీ గ్లవ్స్ విప్పుకుంటూ బయటికి వచ్చింది. ఆవిడ ముఖంలో ఉన్నది దిగులు కాదు. తికమక పడుతున్నట్టుగా ఉంది.

"సృజనా, మీ అత్తగారికి గర్భసంచే లేదు. ముఖద్వారం కూడా లేదు. మొత్తం ఎప్పుడో తీసేశారు, చాలా పాత ఆపరేషన్. మరి నువ్వు తెచ్చిన నమూనా ఎవరిది?"

రాజేందర్ లేచి నిలబడ్డాడు. అమ్మకు అయింది పేగు ఆపరేషన్ అని, తనకు బాగా గుర్తుందని, అప్పుడు దవాఖానలో తనకు రోజూ బ్రెడ్డు పెట్టేవాళ్లని చిన్నపిల్లాడిలా వాదించాడు. ఇంతలో శారదమ్మ కుచ్చిళ్లు సర్దుకుంటూ వచ్చింది. ఎవరి ముఖమూ చూడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది సృజనకు. అందరికంటే ముందు గొట్టం తీసుకున్న అత్తగారు, దాన్ని ఆదివారం దాకా అలమారలోనే ఉంచింది. ఆదివారం భోజనానికి కాప్రా నుంచి ఆడబిడ్డ వచ్చింది. రాజేందర్‌కు అక్క కల్పలత. ఆలస్యంగా పెళ్లయిన మనిషి, ఇంకా పిల్లల్లేరు, మందులు వాడుతోంది.

"అత్తమ్మా," అంది సృజన మెల్లగా. "అది వదినెదా?"

శారదమ్మ బల్ల మీద కూలబడింది.

"దానికి నడుమ నడుమ ఎర్రగ కనిపిస్తుందట. దవాఖానకు పోతనంటే నేనే ఆపిన. నన్ను సుత గట్లనే తీస్కపోయిన్రు బిడ్డా. తెల్లబట్ట అయితుందని పోతే, ఉంచుకుంటే క్యాన్సర్ అయితదని బెదిరించి సంచి తీసేసిన్రు. ఏ పరీక్షా చెయ్యలే. పోరగాండ్లకు పేగు ఆపరేషన్ అని చెప్పుకున్నం. ఇగ దానికి సుత తీసేస్తే ఏం గావాలె? నా పేరు మీద నీ గొట్టంల పెడితే, బయట పడకుంట తెలుస్తదనుకున్న. మంచిగనే వస్తదనుకున్న."

రాత్రి నుంచి ఆమె అడిగింది తన సంచి గురించి కాదు. కల్పలత సంచి గురించని సృజనకు అప్పుడు అర్థమైంది. అడగాల్సిన ఒక్క మాట ముందే అడిగి ఉంటే ఈ గొట్టం ఇలా దారి తప్పేదే కాదని సృజన తనను తానే తిట్టుకుంది.

కల్పలతకు ఫోన్ చేస్తే, తల్లికేమైందోనని ఆటోలో ఉరుకుల పరుగుల మీద వచ్చింది. ముగ్గురి ముఖాలూ చూడగానే ఆమెకు విషయం తెలిసిపోయింది. ముందు తల్లి మీద విరుచుకుపడింది.

"ఎవలికి చెప్పనని ఒట్టేసినవ్ గదనే అమ్మా. మా ఇంట్ల తెలిస్తే నా బతుకేం గావాలె?"

కల్పలత వెనుదిరిగి మెట్ల దాకా వెళ్లిపోయింది. సృజన పరుగెత్తి చెయ్యి పట్టుకుంది.

"వదినె, తాళం పడ్డదని తెలిసింది, అంతే. ఇల్లు కూలలే. ఇప్పుడు చూసుకుంటే తాళం కాడనే ఆగుతది. చూసుకోకపోతే నాకు తెలిసి కూడా ఊకున్న పాపం జిందగీ అంతా ఉంటది. నా కోసమన్న రా."

కల్పలత చెయ్యి విడిపించుకోలేదు. కాసేపు మెట్ల మీదే నిలబడి, ఆ తర్వాత లోపలికి వచ్చింది.

గ్రేసీ పరీక్షిస్తే ముఖద్వారం మీద మచ్చ కనిపించింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. క్యాన్సర్ కాదు, దాని ముందు మెట్టు అని తేలింది. ముఖద్వారం మీద చెడిన భాగం వరకే తీసేస్తే చాలని, తర్వాత తరచూ చూపించుకోవాలని, గర్భసంచి భద్రంగా ఉంటుందని గ్రేసీ చెప్పింది. పిల్లలు పుట్టొచ్చా అని శారదమ్మ అడిగింది. పుట్టొచ్చు, అప్పుడు ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోవాలి అందావిడ. శారదమ్మ ఇంకోసారి అడిగింది. ఆవిడ విసుక్కోకుండా ఇంకోసారి చెప్పింది. కల్పలత భర్తకు సంగతి కల్పలతే చెప్పుకుంది. అతను అంతా విని, చికిత్స రోజున అందరికంటే ముందు ఆసుపత్రిలో ఉన్నాడు.

ఆ రోజు కల్పలత లోపల ఉండగా, రాజేందర్ కింది నుంచి టీలు తెచ్చాడు. ముందు భార్యకే ఇచ్చాడు. ఆ సాయంత్రం తను అనకూడని మాట అన్నానని, మనసులో పెట్టుకోవద్దని చెప్పి, ఆమె ఏమంటుందోనని అక్కడే నిలబడ్డాడు. సృజన పక్కకు జరిగి చోటిచ్చింది. ఆ టీలో అల్లం లేనే లేదు. ఎవరూ ఆ మాటెత్తలేదు.

అతను మందులకు వెళ్లాక అత్తాకోడళ్లే మిగిలారు. కాలనీలో అందరినీ అడిగి, ఇంట్లో అడగలేకపోయిన ఆ ప్రశ్నను సృజన అప్పుడడిగింది.

"అత్తమ్మా, మీకు ఆపరేషన్ ఎప్పుడైంది?"

శారదమ్మ టీ గ్లాసు వంకే చూస్తూ చెప్పింది.

"అప్పటికి రాజు బడికి షురూ జేసిండు. నాకు ముప్పై కూడ లేవు. ఇంకో బిడ్డ కావాల్నని ఉండె మాకు." కోడలి ముఖంలోకి చూసింది. "నాకు సుత గిట్ల ఒక పరీక్ష చేసి చూస్తే, నా సంచి ఉండునా బిడ్డా?"

అబద్ధం చెప్పి ఊరడించవచ్చు. కాని ఇన్నేళ్ల తర్వాత ఆమె అడుగుతున్నది నిజం.

"ఉండేది, అత్తమ్మా."

శారదమ్మ తల ఊపింది. గ్లాసు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇన్నేళ్లుగా ఎవరి ముందూ ఏడవని ఏడుపంతా కోడలి భుజం మీద ఏడ్చేసింది.