తడి గుడ్డ మాస్కు

2078లో ఏ రసాయనాన్నీ మనుషుల మీదే కాదు, ఎలుకల మీద కూడా పరీక్షించడం లేదు. ఆ పనికి హానిమాపకం ఉంది. పౌరుడి స్కాన్‌ను బట్టి కణం కణంగా కట్టిన కంప్యూటర్ శరీరాన్ని, అంటే అంకదేహాన్ని, అది తెర మీద నిలబెడుతుంది. కొత్త పొడి ఏదైనా దాని చేత పీల్పిస్తుంది. ఇరవై ఏళ్లలో ఊపిరితిత్తులు ఏమవుతాయో నాలుగు నిమిషాల్లో చెప్పేస్తుంది. కాకపోతే, మనుషులు ఎలా పనిచేస్తారో దానికి ఎవరో ఒకరు నిజం చెప్పాలి.

ఆ నిజం దగ్గరే, అనుమతుల శాఖలో హానిమాపకాన్ని నడిపే డాక్టర్ హైమవతికి ఒళ్లు మండింది.

మిర్చికి బూజు పట్టకుండా చల్లే నానో పొడి సురక్షితమని యంత్రం తేల్చింది. బూజు ఆగుతుందో లేదో చూడ్డానికి దాన్ని ముందుగా చల్లిన గోదాము గుంటూరు దగ్గర ఉంది. అక్కడ తొడిమలు తీసే ఆడవాళ్లు నెల రోజులుగా దగ్గుతూనే ఉన్నారు. సంగతేమిటో చూద్దామని హైమవతి స్వయంగా వెళ్లింది.

"మాస్కు లేకుండా కూర్చుంటున్నారా?"

"అదేందమ్మా అట్టా అంటావు? మాస్కు లేకపోతే ఈ ఘాటుకి ఒక్క నిమిషం ఉండగలమా?" అంటూ వాళ్లలో ఒకతె, కోటేశ్వరమ్మ, ముక్కుకు కట్టుకున్న పాత చీరముక్క విప్పి, బకెట్లో ముంచి, పిండి మళ్లీ కట్టుకుంది. "మా అమ్మ కాలం నుంచీ మాకిదే మాస్కు. తడి ఆరితే పనికిరాదు."

అంతకుముందు యంత్రానికి వివరాలు ఇవ్వడానికి సర్వేకు వచ్చినవాడు మాస్కు ఉందా అని అడిగాడు. ఉందన్నారు. టిక్కు పెట్టుకుని పోయాడు. తలెత్తి చూస్తే వాడి సొమ్మేం పోయింది? పొడిగా ఉన్నప్పుడు ఏమీ చేయని ఆ కణాలు తడి గుడ్డలో కరిగి, ప్రతి ఊపిరితోనూ లోపలికి పోతున్నాయి.

తిరిగొచ్చి హైమవతి మాస్కు గడిలో తడి గుడ్డ అని నింపింది. మూడేళ్లలో ఊపిరితిత్తులు పనికిరావని యంత్రం చెప్పింది.

అనుమతుల డైరెక్టర్ పరాంకుశం విసుక్కున్నాడు. "వాళ్లే మాస్కు అన్నారు కదండీ! మన తప్పేముంది? సంచి మీద 'ప్రామాణిక మాస్కు ధరించవలెను' అని ఒక లైను వేయిద్దాం. సాయంత్రానికి అనుమతి వెళ్లిపోవాలి."

"అన్ని గోదాముల్లో కలిపి నలభై వేల మంది ఆడవాళ్లు సార్! సంచి మీది లైను చదివి చీరముక్క విప్పేస్తారా?"

"అది మన శాఖ చూసే పని కాదు."

హైమవతి యంత్రం వైపు తిరిగింది. ఉద్యోగుల స్కాన్లలోంచి ఒక అంకదేహాన్ని తీసి, ముక్కుకు తడి గుడ్డ కట్టి, పొడి పీల్పించింది. రెండో ఏడాదికే ఊపిరితిత్తులు తెల్లబడి గట్టిపడ్డాయి. మూడో ఏడు నిండకముందే శరీరం ఒరిగిపోయింది.

"ఎవరిదది?"

"మీదే సార్."

పరాంకుశం ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చాలాసేపు తెరనే చూశాడు. మనిషి కదిలాడనుకుని హైమవతి ఊపిరి పీల్చుకుంది.

అతను కుర్చీ ముందుకు జరుపుకుని, యంత్రంతో ఎంతో శ్రద్ధగా మాట్లాడాడు. "మా ఇల్లు మిర్చి యార్డుకు తూర్పున మూడు కిలోమీటర్లు. ఏడాది పొడుగునా గాలి ఎటు వీస్తుందో చూడు. కిటికీలు తెరిచే ఉంటాయి. మనవరాలికి ఆరేళ్లు, కొంచెం ఆయాసం ఉంది. డాబా మీద ఆడుకుంటుంది. ఏదీ వదలకుండా లెక్కలోకి తీసుకో."

హానిమాపకానికి ఇన్నేళ్లలో ఎవరూ అంత వివరంగా, అంత నిజాయితీగా సమాచారం ఇవ్వలేదు.

"ప్రమాదం లేదు," అంది యంత్రం.

పరాంకుశం అనుమతి పత్రం మీద వేలిముద్ర వేశాడు.