మేరమ్మ ముక్కులో దూది

నాకు రోత ఎక్కువ. టిఫిన్ డబ్బా మీద ఈగ వాలితే ఆ పూట అన్నం మానేసే మనిషిని. అలాంటి నాకు తిరువూరు కాలేజీలో, గ్రాఫిక్స్ డిప్లొమా మొదటి ప్రాక్టికల్‌కే శవం ఫోటో తగిలింది.

స్టూడియో పని నేర్చుకునేవాళ్ళకి ఇది మామూలే. మా వైపు కొందరు ముసలాళ్ళు ఫోటో దిగరు. పోయాక ఇంట్లోవాళ్ళు ఫోన్లో ఫోటో తీసుకొస్తారు. ఆ బొమ్మకి కళ్ళు తెరిపించి, ముక్కులో దూది చెరిపేసి ఫ్లెక్సీకి ఇవ్వాలి. అందుకోసం మా దత్తాత్రేయులు సార్ దగ్గర రకరకాల కళ్ళతో ఒక ఫోల్డరే ఉంది. మనకి తెలిసినవాళ్ళ కళ్ళు మాత్రం పెట్టొద్దని మొదటి రోజే చెప్పారు. ఎందుకని ఎవరం అడగలేదు.

ఆ మధ్యాహ్నం ల్యాబులో నేనూ, నా క్లాస్‌మేట్ రూతూ ఉన్నాం. చనిపోయింది వాళ్ళ అమ్మమ్మ మేరమ్మ. ఆధార్ కార్డులో బొమ్మ ఇంకు మరకలా ఉంది. సాయంత్రం చర్చిలో ఆమె కోసం ప్రార్థన, ఆదరణ కూడిక. మూడింటికల్లా ఫ్లెక్సీ షాపుకి ఫైలు వెళ్ళాలి.

ఫోటో పెద్దది చేశాను. సగం మూసిన రెప్పల మధ్య జిగురు. దూది ఒక పక్క పచ్చగా తడిసి ఉంది. ఫోల్డర్లో కళ్ళన్నీ ఒక్కొక్కటే పెట్టి చూస్తూ అంతసేపు ఆ మొహంలోకి చూడటం నా వల్ల కాలేదు. నా ఫోన్లో మా నానీ, అంటే మా అమ్మమ్మ పీర్‌బీ, రంజాన్ పండక్కి దిగిన ఫోటో ఉంది. నన్ను పెంచింది ఆమే. అదే వయసు, అవే ముడతలు. ఆ కళ్ళు కత్తిరించి అతికించేశాను. ఇట్టే సరిపోయాయి.

దూది దగ్గరే వచ్చింది తంటా. పక్క చర్మం రంగు తెచ్చి పూస్తే చెరిగింది. సేవ్ చేసి తెరిస్తే ఓ పోగు. మళ్ళీ చెరిపాను. ఈసారి రెండు... మౌస్ వేళ్ళకి అంటుకుంటోంది. ఏసీ గాలిలో కుళ్ళిన బంతిపూలూ ఫినాయిలూ కలిసిన వాసన.

“నీకేమన్నా వాసనొస్తుందా?” అన్నాను మెల్లగా.

“ఇంట్లో అమ్మమ్మ ఫ్రీజర్ పెట్టె దగ్గర నుంచే వచ్చా కదా. నా బట్టలేమో,” అంది రూత్.

ఏడోసారికి దూది పోయింది. అమ్మమ్మ బతికొచ్చినట్టే ఉందని రూత్ ఏడ్చేసి, పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళింది. నేను మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నానీ మంచం మీద కూర్చుని ఉంది. మధ్యాహ్నం నుంచీ రెప్పలు తెరుచుకోవట్లేదట. తడిగుడ్డతో తుడిచాను. గుడ్డకి జిగురు అంటింది... పచ్చగా.

రూత్‌కి ఫోన్ చేసి, నేను చేసిందంతా చెప్పాను. కూడిక మధ్యలో ఫ్లెక్సీ దించితే మామయ్యలు ఊరుకోరంది. వెనక పాటలు వినిపిస్తున్నాయి.

“అవి మా నానీ కళ్ళు రూత్. దించెయ్,” అని బతిమాలాను.

పది నిమిషాలకి తనే ఫోన్ చేసింది.

“దించాను,” అంది గుసగుసగా. “ఫౌజియా... ఇందులో అమ్మమ్మ కళ్ళు మూసే ఉన్నాయేంటి?”

నానీ వైపు తిరిగాను. రెప్పలు విడిపోయాయి. నన్నే చూస్తోంది. ప్రాణం లేచొచ్చింది. రోతా గీతా మరిచిపోయి ఆ తడి మొహాన్ని ముద్దు పెట్టుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది.

“దూది కూడా ఉందా?” అన్నాను ఫోన్లో.

“లేదు. ముక్కు శుభ్రంగానే ఉంది.”

నానీ నోటితో ఊపిరి పీలుస్తోంది.

“ముక్కులో ఏదో అడ్డం పడిందమ్మా. చూడు,” అంది.

ఫోన్ లైటు వేశాను. లోపల తెల్లగా ఓ పోగు. వేళ్ళతో పట్టుకుని లాగాను. మూరెడు వచ్చింది. తడిగా... ఫ్రీజర్లోంచి తీసినంత చల్లగా. నానీ కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తోంది. చేతికి చుట్టుకుంటూ లాగుతున్నాను.

ఇంకా వస్తూనే ఉంది.