ఎర్ర గొడుగు వెనకాల

"ఎర్ర గొడుగు ఎక్కడుంటే మీరూ అక్కడే. నా మొహం గుర్తుపెట్టుకోనక్కర్లేదు, గొడుగు గుర్తుపెట్టుకుంటే చాలు."

రోజూ ఎండ మెత్తబడే వేళకి గడియార స్తంభం కింద నిలబడి పిన్ని చెప్పే మొదటి మాట ఇది. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు నవ్వుతారు. ఆవిడ నవ్వదు. ముడిచిన గొడుగుని తలపైకెత్తి, వెనక్కి చూడకుండా నడక మొదలుపెడుతుంది. ముందు నడిచేవాళ్ళు వెనక్కి చూశారంటే జనం ఆగిపోతారు, ఆగితే ఫోటోలు మొదలవుతాయి, ఇక వాళ్ళని కదిలించడం ఎవరి తరమూ కాదు. పాత ఊరి సందులు తిప్పి, పొయ్యి పక్కన కూర్చోబెట్టి తినిపించి, చివరికి నాట్యశాలకి తీసుకెళ్ళి ఆట చూపించి, వచ్చినవాళ్ళ చేత కూడా నాలుగు అడుగులు వేయించి పంపాలి. అన్నీ ఒక్క టికెట్టు మీదే.

పిన్ని ఎవరికి పిన్ని అంటే, నిజానికి ఒక్కదానికే. అక్క కూతురు బుల్లికి. ఆ పిల్ల పిలవగా పిలవగా నాట్యశాల మొత్తానికి పిన్నే అయిపోయింది. ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని లేకుండా పోయింది.

గొడుగు పని మొదట అక్కది. అక్క ముందు నడిచేది, పిన్ని నాట్యశాలలో ఆడేది. ఒక వానాకాలం సాయంత్రం, ఆటకి ఆలస్యమవుతోందని యజమాని తొందరపెడితే, అక్క తన గుంపుని సున్నపు గోడల సందులోంచి అడ్డదారిన తీసుకొచ్చింది. నానిపోయిన గోడ విరిగి పడింది. వెనకాల వచ్చినవాళ్ళందర్నీ అవతలికి తోసేసి, తను మాత్రం కింద ఉండిపోయింది. మనిషిని బయటికి తీశారు గానీ గొడుగు దొరకలేదు. పిన్ని కళ్ళ తడి ఆరకముందే యజమాని ఇంకో ఎర్ర గొడుగు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఎంత మంచివాడో, ఆదుకున్నాడు అన్నారు అందరూ. చంకలో పిల్ల, చేతిలో గొడుగు. ఇక ఆట ఎక్కడ ఆడుతుంది?

అక్క అంటే పిన్నికి ప్రాణం. అక్క మీద కోపం కూడా అంతే ఉంది. మహాతల్లి అనిపించుకుని నువ్వు చక్కా పోయావు, మోసేది నేనూ అని ఒంటరిగా ఉన్నప్పుడు పైకే అనేసేది. బుల్లి వింటే మాత్రం మాట మార్చేసేది.

యజమానిని చాటుగా అందరూ చిటికెలాయన అంటారు. మనుషుల్ని నోరారా పిలవడం ఆయనకి చేతకాదు, చిటికె వేస్తాడు. గోడ పడిన కొన్నాళ్ళకి ఆయన బుర్రలో ఒక కథ పుట్టింది. పూర్వం ఒక నర్తకి ఉండేదట. మొగుడికి అనుమానమట. ఆ సందులోనే గోడలో పెట్టి పూడ్చేశాడట. చీకటి పడే వేళ ఆమె గొడుగు మాత్రం గోడ మీదుగా కనిపిస్తుందట. సందు మొదట్లో తాడు కట్టించి, అక్కడ గుంపుని ఆపి ఈ కథ చెప్పమన్నాడు. అలా సొంత అక్క చావుని అబద్ధాలు కలిపి రోజూ సాయంత్రం వడ్డించడం పిన్ని ఉద్యోగంలో భాగమైంది. మొదట్లో తల దించుకుని గబగబా చెప్పేసేది. తర్వాత తర్వాత అలవాటైపోయింది. అలవాటైపోయినందుకే ఆవిడకి తన మీద తనకి అసహ్యం.

ఆ రోజు మధ్యాహ్నం నాట్యశాలలో వేషాలు వేసుకునే గదిలోకి చిటికెలాయన ఒక కాగితం చుట్ట పట్టుకుని వచ్చాడు. లోపల కొత్త ఎర్ర గొడుగు.

"కథ పాతబడింది. ఇక చెప్పడం కాదు, చూపించాలి" అన్నాడు. "బుల్లి గోడ వెనకాల నిలబడుతుంది. నువ్వు చివరి మాట అనగానే గొడుగు పైకెత్తుతుంది. అంతే."

పిన్నికి ఒళ్ళు మండిపోయింది. "దాని తల్లి చచ్చిన చోటు సార్ అది."

"అది చూడవచ్చేవాళ్ళకి తెలుసా ఏమిటి?" అని బుల్లి వైపు చిటికె వేశాడు. "ఈ ఒక్క పని చెయ్యి. ఇవాళ్టి చివరి ఆటలో ఆడేవాళ్ళ వలయంలో నువ్వూ ఉంటావు. బాగా చేస్తే రోజూ."

బుల్లి మొహం వెలిగిపోయింది. ఆ పిల్ల ఊహ తెలిసినప్పటినుంచి కోరుకున్నది అదొక్కటే.

ఆయన వెళ్ళాక పిన్ని బుల్లి చెయ్యి పట్టుకుంది. "వెళ్ళకే. పడగా మిగిలిన ఆ గోడ ఇంకా వాసాల దన్ను మీద నిలబడి ఉంది. నేను ఆ చివరి మాట అనను, నువ్వు రాకు. తిడితే నన్ను తిడతాడు."

"నేను ఆడడం నీకు ఇష్టం లేదు. అది చెప్పు ముందు."

"బుల్లీ..."

"నువ్వు మానేశావని నా కాళ్ళు కూడా కట్టేస్తావా పిన్నీ?"

పిన్ని ఆ పిల్ల చెయ్యి వదిలేసి తన గొడుగు తీసుకుని బయటికొచ్చింది. పిల్ల వస్తానూ అనలేదు, రాననీ అనలేదు.

ఆ సాయంత్రం గుంపు పెద్దదే. కొత్త వేడుక ఎలా ఉంటుందో చూడాలని చిటికెలాయన కూడా అందరి వెనకాల నడుస్తున్నాడు. మేడల కిటికీల్లో ఒక్కొక్క దీపమే వెలుగుతోంది. రాళ్ళు పరిచిన సందుల్లో పగటి వేడి ఇంకా పోలేదు. నూనె వాసన, తడి బట్టల వాసన, ఎవరింట్లోనో చంటిపిల్ల ఏడుపు. పిన్ని నోరు దాని పని అది చేసుకుపోతోంది. ఈ తలుపు చూడండి, ఈ మెట్లు చూడండి. మనసు మాత్రం గోడ దగ్గరే ఉంది. వెళ్ళి ఉంటుందా? అంత మొండిదా? మొండిదే. ఎవరి కూతురు మరి.

రొట్టెలావిడ పొయ్యి దగ్గర అందరూ బల్లల మీద సర్దుకున్నారు. వేడి రొట్టెలు, వేయించిన చేపలు చేతులు మారుతున్నాయి. రొట్టెలావిడ పిన్నిని పక్కకి పిలిచింది.

"మీ వెనకాల వచ్చినావిడకి రొట్టె ఇస్తే పుచ్చుకోలేదేం? పాపం, జుట్టంతా సున్నం పడింది ఆవిడకి. తుడుచుకోమని చెప్పు."

"ఎవరు?"

రొట్టెలావిడ మసి చేత్తో గుమ్మం వైపు చూపించింది. గుమ్మంలో ఎవరూ లేరు. పాత గోడలకి ఆనుకుని ఎవరో ఫోటో దిగి ఉంటారనుకుంది పిన్ని. అనుకుంది గానీ, చేతిలో రొట్టె తినలేక అక్కడే పెట్టేసింది.

సున్నపు గోడల సందు దగ్గరికి వచ్చేసరికి వెలుతురు పూర్తిగా తగ్గిపోయింది. తాడుకి ఇవతల గుంపుని ఆపింది. లోపల ఒక పక్కకి ఒరిగిన గోడ, దానికి ఆనించిన వాసాలు, ఆ వెనకాల చీకటి. రెండో చివర నాట్యశాల వెనక తలుపు. అక్కణ్ణించి అప్పుడే వాయిద్యాలు సరిచూసుకుంటున్న చప్పుడు సన్నగా వస్తోంది.

పిన్ని కథని పరుగులు పెట్టించింది. నర్తకి, మొగుడు, అనుమానం, గోడ. చివరి మాట దగ్గరికి వచ్చి ఆగిపోయింది. 'ఆమె గొడుగు ఇప్పటికీ దొరకలేదు.' అదీ ఆ మాట. అదొక్కటే ఆ కథలో నిజం. పిన్ని దాన్ని మింగేసి, "ఇక పదండి, ఆటకి వేళవుతోంది" అంది.

ఎవరూ కదల్లేదు.

తడి సున్నం వాసన వచ్చింది. వాన పడి ఎన్నో రోజులైంది. అయినా వాసన తడిగానే ఉంది...

అప్పుడు గుంపు వెనకాల నుంచి ఒక ఆడగొంతు, చాలా మెల్లగా, అలిసిపోయినట్టు అంది.

"ఆమె గొడుగు ఇప్పటికీ దొరకలేదు."

ఆ గొంతు... కాదు. ఇన్నేళ్ళయింది. గొంతులు ఎవరికి గుర్తుంటాయి?

గోడ వెనకాల ఎర్ర గొడుగు పైకి లేచింది.

గుంపంతా చప్పట్లు. "అబ్బ, భలే!" అని ఎవరో అరిచారు. గొడుగు కాస్త ఎడమకి ఒరిగి, ముందుకి కదిలింది. ఇక ఆ జనాన్ని ఆపేదెవరు? ఎర్ర గొడుగు ఎక్కడుంటే మీరూ అక్కడే అని సాయంత్రమంతా నూరిపోసింది ఈవిడే కదా. తాడు కింద నుంచి దూరి, నవ్వుకుంటూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరసగా లోపలికి వెళ్ళిపోయారు.

"ఆగండి! అటు కాదు! గోడ..."

ఆ అరుపు కూడా ఆటలో భాగమే అనుకున్నారు. ఇంకా నవ్వారు.

పిన్ని వాళ్ళని తోసుకుంటూ పరిగెత్తింది. "బుల్లీ! బయటికి రావే!" వాసం కిర్రుమంది. నెత్తి మీద సన్నగా సున్నం రాలింది. గొడుగు ఆగలేదు. మలుపు దగ్గర దాని కొన గోడని తట్టింది. టక్... టక్.

పిన్ని ఆగిపోయింది.

మెట్టు వచ్చినప్పుడు అక్క అలాగే తట్టేది. అడుగు చూసుకోండి అని చెప్పడానికి. పిన్ని ఎప్పుడూ అలా చెయ్యలేదు, నోటితోనే చెప్పేది. బుల్లికి ఆ సంగతి తెలిసే వీల్లేదు.

"అక్కా?" అంది. గుసగుసలా వచ్చింది మాట.

గొడుగు ఆగింది.

వెనక్కి తిరగలేదు. ముందు నడిచేవాళ్ళు తిరగకూడదు... గొడుగు కొన నుంచి నీటిచుక్కలు ఒకదాని వెనక ఒకటి రాలుతున్నాయి. పిన్ని ఊపిరి తీసుకునేలోగా అది మళ్ళీ కదిలింది. జనం దాని వెనకాలే నాట్యశాల వెనక తలుపులోంచి దీపాల వెలుగులోకి వెళ్ళిపోయారు. ఒక్కళ్ళకీ గీత కూడా పడలేదు.

బుల్లి వేషాల గదిలో అద్దం ముందు కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి రంగు చెరిగితే మళ్ళీ వేసుకుంటోంది.

"నేను వెళ్ళలేదు. చాలా? సంతోషమేనా?" అంది పిన్నిని చూడకుండా. మూలన కొత్త గొడుగు, చుట్టిన కాగితం విప్పకుండా, అలాగే ఉంది.

పిన్ని ఏదో అనబోయేలోగా చిటికెలాయన ఊగిపోతూ వచ్చాడు. "అదిరింది! వెనక నుంచి ఇంకెవరి చేతో ఆ మాట అనిపించావు చూడు, అది ఎలా చేశావు? రేపట్నుంచి రోజూ ఇదే. బుల్లీ, నువ్వు వలయంలోకి పద, మాట తప్పను."

"సార్, అది బుల్లి కాదు."

"మరెవరు? మీ అక్కా?" పకపకా నవ్వాడు. నవ్వుతూనే భుజం మీద సున్నం దులుపుకున్నాడు. ఎంత దులిపినా అది పోలేదు. అక్కడ అయిదు వేళ్ళ గుర్తు తడిగా ఉంది. పిన్ని చూసింది. చెప్పలేదు. పోనీ, ఉండనీ అనుకుంది, కసిగా.

చివరి ఆట మొదలైంది. ఆడేవాళ్ళూ చూడవచ్చినవాళ్ళూ చేతులు కలిపి వలయంగా తిరుగుతున్నారు. బుల్లి కాళ్ళు చూస్తుంటే పిన్నికి కళ్ళు చెమర్చాయి. తనకంటే బాగా ఆడుతోంది. ఇంత ఆటని తను ఎన్నాళ్ళు దాచిపెట్టింది? స్తంభం చాటున నిలబడి చూస్తూ ఉండగా ఒక సంగతి కంటపడింది. బుల్లికి ఎడం పక్కన వలయం కలవలేదు. ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీకి అటు ఒక ముసలాయన, ఇటు బుల్లి. ఇద్దరూ చేతులు చాచే ఉన్నారు, ఇద్దరి వేళ్ళూ ముడుచుకునే ఉన్నాయి. ఆట అయ్యేదాకా ఆ ఖాళీ మూసుకోలేదు.

ముసలాయన వెళ్తూ వెళ్తూ పిన్నితో అన్నాడు. "ముందు నడిచినావిడ నా పక్కనే ఆడింది. చేతులు మంచు. ఎందుకమ్మా అలా తడిసిపోయింది? ఆ అమ్మాయినే చూస్తూ ఒకటే ఏడుపు."

దుకాణాలు ఇంకా మూయలేదు. పిన్ని, బుల్లి ఇంటికి నడుస్తున్నారు. సున్నపు గోడల సందు వైపు వెళ్ళకుండా దీపాలున్న పెద్ద వీధిన తీసుకెళ్ళింది పిన్ని. బుల్లి కోపం ఆటలోనే కరిగిపోయింది. గలగలా మాట్లాడుతోంది. పిన్ని వినడం లేదు. రేపే ఈ పని మానేద్దాం, ఊరే వదిలేద్దాం అనుకుంటోంది. నీళ్ళు పోసింది నేను, జ్వరమొస్తే రాత్రంతా మేలుకున్నది నేను. వదిలేసిపోయిన నువ్వు ఇప్పుడొచ్చి ఏడిస్తే అయిపోతుందా? నా పిల్లని నేనివ్వను. ఆ మాట అనుకోగానే బుల్లి చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అబ్బ, వదులు పిన్నీ" అంది బుల్లి నవ్వుతూ. "రెండు చేతులూ ఇలా పట్టేసుకుంటే నడిచేదెలా?"

పిన్ని పట్టుకున్నది బుల్లి కుడిచెయ్యి ఒక్కటే. ఆవిడ రెండో చేతిలో గొడుగు ఉంది.

ఆవిడ అటు చూడలేదు. బుల్లిని బలమంతా పెట్టి తన వైపుకి లాగింది.

బుల్లి కదల్లేదు. రెండు చేతులూ చాచి, వీధి మధ్యలో అలాగే నిలబడిపోయింది.