దిద్దుబల్ల మీద ఎర్రనీళ్ళు

మరదే చెబుతున్నాను మనవరాలా, చంద్రుడి మీదకెళ్ళినా పసుపు పసుపే, సున్నం సున్నమే. అక్కడికి పోతే మనిషి మారతాడనుకుంటారు గానీ, ఏం మారడు. నెమ్మదిగా చెబుతాను, రాసుకో.

చంద్రుడి మీద నెలవలస అని ఒక ఊరు. పైన గాలి లేదు కాబట్టి నేల కింద తొలిచి కట్టారు. మనవైపు జనమే వెళ్ళి కాపురాలు పెట్టారు. అక్కడ పీల్చి వదిలిన గాలిని కడిగి మళ్ళీ పీల్చుకోవాలి. దానికి ఊరి చివర ఒక యంత్రం ఉంది. దాని కడుపునిండా క్షారపు నీళ్ళు. మన సున్నపు తేట లాంటివే, కాకపోతే బాగా ఘాటు. చెడ్డగాలిని అవి తాగేస్తాయి.

ఆ ఊరి బడిలో ఏడో తరగతికి రసాయనశాస్త్రం చెప్పే టీచరు నాంచారి. పిల్లలు చేత్తో చేసి నేర్చుకోవాలని ఆమె పట్టుదల. అందుకోసం బడిలో దిద్దుబల్లలు ఉన్నాయి. ఆదిశేషు అనే ఇంజనీరు వాటిని కనిపెట్టాడు. బల్లలో కళ్ళలాంటి సెన్సర్లుంటాయి, వాటికి పసికన్నులని పేరు. బల్ల కింద వెంట్రుకంత సన్నటి గొట్టాలుంటాయి. పిల్లవాడు ఒక చుక్క ఎక్కువ పోస్తే పసికన్ను పసిగడుతుంది, గొట్టం విరుగుడు చుక్క వదులుతుంది. ప్రయోగం పుస్తకంలో ఉన్నట్టే వస్తుంది. చెయ్యి కాలదు, గ్లాసు పగలదు, తప్పు రాదు. ఆ బల్లలు చూసి ఊరంతా మురిసిపోయింది.

నాంచారి కూతురు ఇందుమతి కూడా ఆ తరగతిలోనే చదువుతోంది. కొన్నాళ్ళుగా ఆ పిల్లకి నోరంతా పొక్కులు. గంజి కూడా మింగలేక ఏడ్చేది. ఊళ్ళో ఇంకొందరు పిల్లలకీ అదే బాధ. డాక్టరు వేడి చేసిందన్నాడు. ఆసుపత్రిలో సీసా నీళ్ళు, మందులు పట్టించి, కాస్త తగ్గాక ఇంటికి పంపాడు.

కూతుర్ని గుమ్మంలో నిలబెట్టి నాంచారి దిష్టి తీయబోయింది. పళ్ళెంలో కుళాయి నీళ్ళు పట్టింది. చిటికెడు పసుపు వేసింది. సున్నం డబ్బా మూత ఇంకా తీయనే లేదు. పళ్ళెంలో నీళ్ళు ఎర్రబడ్డాయి.

"సున్నం వేశానా?" అంది నాంచారి తనలో తానే.

"వెయ్యలేదమ్మా," అంది ఇందుమతి. ఇంకేదో అనబోయి మొహం పక్కకి తిప్పుకుంది.

పసుపు సున్నానికి ఎర్రబడుతుంది. సున్నం లేకుండా ఎర్రబడిందంటే నీళ్ళలోనే సున్నంలాంటిదేదో ఉండాలి. ఏటేటా ఏడో తరగతి పిల్లలకి అదే పాఠం చెప్పిన మనిషి, పళ్ళెం అక్కడే వదిలి పరుగెత్తింది. ఊరి కుళాయిలన్నీ కట్టించింది. వెతికితే దొరికింది. గాలి కడిగే యంత్రం పక్కనుంచి వచ్చే మంచినీళ్ళ గొట్టం చిట్లి, క్షారం కొద్దికొద్దిగా ఊరుతోంది. నీళ్ళు పరీక్షించే మీటరేమో గొట్టం చిట్లిన చోటుకి ఇవతలే, ట్యాంకు దగ్గర ఉంది. అది రోజూ బాగుందనే చెబుతోంది.

అక్కణ్ణుంచి నాంచారి తిన్నగా ఆదిశేషు పనిగదికి వెళ్ళింది.

"మీది దొంగబల్ల, శేషుగారూ."

"కూర్చోండి టీచరుగారూ."

"కూర్చోను. పోయిన నెల ఇవే కుళాయి నీళ్ళల్లో పిల్లల చేత పసుపు వేయించాను. అందరికీ పసుపురంగే వచ్చింది. అప్పటికే నీళ్ళు పాడయ్యాయి. ఎర్రబడాల్సిన నీళ్ళని మీ బల్ల పులుపు చుక్క పోసి పసుపుగా చేసింది. ఆ వేళే నిజం చూపించుంటే నా కూతురు ఇన్నాళ్ళు తిండి లేక ఏడ్చేదా? ఏం కనిపెట్టారండీ మీరు, తప్పు కప్పిపెట్టే మిషనా?"

ఆదిశేషు లేచి, మూలనున్న దిద్దుబల్లని బోర్లా తిప్పాడు. "ఆ గొట్టాలు ముట్టుకు చూడండి."

ముట్టుకుంది. పొడిగా, దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. ఆదిశేషు మళ్ళీ కుర్చీలో కూచున్నాడు.

"భూమ్మీంచి విరుగుడు మందులు రావడం ఆగి ఏడాదయింది. బల్ల మీద దీపం వెలుగుతోంది, అంతే. బడిలో ఉన్నవన్నీ ఇలాంటివే. ఒట్టి చెక్కబల్లలు."

"ఆ ముక్క చెప్పలేదేం?"

"మొదట్లో సిగ్గేసింది. తరవాత ఎవరో ఒకరొచ్చి, మీ బల్ల తప్పు చూపిస్తోందయ్యా అని తిడతారని కనిపెట్టుకు కూచున్నాను. ఏడాదికి మీరొచ్చారు. అదీ, అది బాగా పనిచేస్తోందని తిట్టడానికి."

"మా పిల్లలు మీకు ఆటబొమ్మల్లా కనిపించారా?" అంటూ నాంచారి చేతికందిన గొట్టాలు పీకి అతని ఒళ్ళో పడేసింది. అతను వాటిని కింద పెట్టనైనా పెట్టలేదు.

చుక్క పొయ్యని బల్ల మీద పసుపురంగు ఎలా వచ్చిందో తేల్చుకోవాలని, మర్నాడు తరగతిలో మొదటి వరసలో ఉన్న పైడిరాజుని లేపింది.

"పోయిన నెల నీ గ్లాసులో నీళ్ళు ఏం రంగొచ్చాయిరా?"

"పసుపండి."

"ఒట్టు?"

వాడు నెత్తి గోక్కున్నాడు. "ఎర్రగా వచ్చిందండి. బల్ల తప్పు సూపించదు కదండి. నా కళ్ళకే ఏటో అయ్యిందనుకున్నానండి. పక్కోడు పసుపని రాసేడండి. ఆడి కళ్ళు మంచియి కదా అని నానూ అదే రాసేసేనండి."

"నాదీ ఎర్రగానే వచ్చిందిరా," అన్నాడు పక్కవాడు. "నీ కాయితం సూసి రాసేను."

నాంచారికి ఒళ్ళు మండింది. "ఇంతమందిలో ఒక్కరికీ నోరు లేదా? ఎర్రగా వచ్చిందని ఒక్కరైనా అనలేకపోయారా?"

"ఇందుమతి అందండి," అన్నాడు పైడిరాజు. "మీరే కదండీ..." అని ఆగిపోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఇందుమతి లేచి, టీచర్, నాది ఎర్రగా వచ్చింది అంది. తనేమంది? "బల్ల కన్నా నీకెక్కువ తెలుసా? చెయ్యి కడుక్కుని మళ్ళీ చెయ్యి," అంది. తరగతంతా నవ్వింది. ఆ పిల్ల మళ్ళీ చేసింది. పసుపే వచ్చిందంది. తను భేష్ అంది.

నాంచారి దిద్దుబల్లలన్నిటినీ ఒక్కతే వసారాలోకి ఈడ్చింది. సాయం వచ్చినవాళ్ళని కసిరేసింది. నేలమీద ప్రతి పిల్లముందూ ఒక గాజుగ్లాసు పెట్టి నీళ్ళు పోసింది. కొన్నిట్లో సున్నపు తేట కలిపింది, కొన్నిట్లో నిమ్మరసం. దేంట్లో ఏముందో చెప్పలేదు.

"పసుపు వెయ్యండి."

వేశారు.

"ఏం కనిపించింది?"

ఒక్క పిల్లైనా గ్లాసులోకి చూడలేదు. అందరూ తలెత్తి ఆమె మొహంలోకి చూశారు. ఆ కనుబొమలు ముడిపడతాయా, విడతాయా అని చూశారు. గొట్టాలెండిపోయిన బల్ల ఏడాదిపాటు దేంతో నడిచిందో ఆమెకి అప్పుడు తెలిసింది.

కోపం ఎవరి మీద పారేయాలో తెలియక గోడవైపు తిరిగి నిలబడింది.

"ఇప్పుడు నా మొహం మీకు కనపడదు. చెప్పండి."

ఎవరో దగ్గారు. గోడ చల్లగా ఉంది. ఆమె అలాగే నిలబడింది. చాలాసేపటికి వెనకనుంచి, పొక్కులు ఇంకా మానని నోటితో ఒక గొంతు నత్తినత్తిగా అంది.

"నాది ఎర్ర. పక్కది పసుపు. పైడిరాజు ఇంకా చూడలేదు."

అంతేనమ్మా. దీన్ని మీ బాబాయికి చదివి వినిపించు. పెద్ద బడి పెట్టాడుగా, పిల్లలందరికీ నూటికి నూరు వస్తున్నాయని తెగ మురిసిపోతున్నాడు. వీడియోలో కాదు, ఒట్టి ఫోనులో చదువు. నీ మొహం చూశాడంటే, నవ్వాలో కోప్పడాలో నీ మొహంలోనే వెతుక్కుంటాడు.